తొమ్మిదో తరగతి క్రమశిక్షణ: ఐదు నియమాలు, రిజిస్టరులో నాలుగో గడి

అమ్మా, మీరు అడిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోవడానికి ముందు దాన్ని నా మాటల్లో చెప్తాను. మెగా డీఎస్సీలో ఉద్యోగం వచ్చి ఆదోని పక్క మండలంలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరారు. తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కి మిమ్మల్ని క్లాస్ టీచర్‌ని చేశారు. పిల్లలు 54 మంది. ప్రేయర్ అయిన పావుగంటకు గానీ సగం మంది రారు. వెనక బెంచీల్లో ఫోన్లు, జేబుల్లో గుట్కా పొట్లాలు, వారానికో కొట్లాట. మీరు బోర్డు వైపు తిరిగితే సుద్దముక్క విసిరే అబ్బాయి ఒకడు. స్టాఫ్ రూములో అందరూ 'బెత్తం పట్టకపోతే వీళ్లు వినరు మేడమ్' అంటున్నారు. హెడ్మాస్టరు గారు క్లాసుకు రూల్స్ రాసి గోడకు తగిలించమన్నారు. ఏం రాయాలి, తప్పితే ఏం చెయ్యొచ్చు, చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది అన్నది మీ ప్రశ్న.

నేను కర్నూలు, అనంతపురం జిల్లాల్లో 31 ఏళ్లు పనిచేశాను. చివరి 9 ఏళ్లు హెడ్మాస్టరుగా ఉన్నాను. నాకు తెలిసిన జవాబు ఇది: నియమాలు ఐదు దాటనివ్వకండి. వాటిని పిల్లలతోనే రాయించండి. తప్పితే జరిగేది చిన్నదైనా సరే, ప్రతిసారీ జరగాలి, సర్పంచ్ గారి అబ్బాయికీ జరగాలి, మీకూ జరగాలి. ఆ జరిగేదానికి ముందు 'ఎందుకు' అని ఒక్క మాట అడిగి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే స్టాఫ్ రూములో దీని గురించి సగం సగం మాటలు నడుస్తుంటాయి. 1966 నాటి మన రాష్ట్ర విద్యా నియమాల్లో 122వ నియమం పిల్లల్ని కొట్టడానికి కొంత వెసులుబాటు ఇచ్చేది. 2002లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం దాన్ని సవరించి దండనను నిషేధించింది. తర్వాత 2009 విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ ఒంటి మీద దెబ్బనీ, మనసుకు తగిలే వేధింపునూ రెండింటినీ నిషేధించింది. మీరినవాళ్ల మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది. 'ఆ చట్టం 14 ఏళ్ల దాకానే కదా, తొమ్మిదో తరగతికి వర్తించదు' అని మీకు ఎవరైనా చెప్తారు. వినకండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ 18 ఏళ్లలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. తన సంరక్షణలో ఉన్న పిల్లవాణ్ని కొట్టి, హింసించి, అనవసరమైన బాధకు గురిచేస్తే 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. 'నేను కొట్టను, గోడ కుర్చీ వేయిస్తాను అంతే' అనుకుంటారు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాల్లో గోడ కుర్చీ, మోకాళ్ల మీద కూర్చోబెట్టడం, బెంచీ ఎక్కించడం, కాళ్ల సందునుంచి చేతులు పోనిచ్చి చెవులు పట్టించడం, అన్నీ శారీరక దండన కిందికే వస్తాయి. పిల్లవాడి కులాన్నీ, తండ్రి చేసే పనినీ ఎత్తిపొడవడం మానసిక వేధింపు. 'మీ నాయన గొర్లు కాసేటోడు, నువ్వూ అదే చెయ్' అనే మాట మన బళ్లలో రోజూ వినిపిస్తుంది. దెబ్బ నాలుగు రోజులకు మానుతుందమ్మా. ఈ మాట మానదు.

టీసీ ఇచ్చి పంపించేస్తాం అన్న బెదిరింపు కూడా వద్దు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్నీ బడి నుంచి వెళ్లగొట్టడానికి వీల్లేదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెప్తుంది. మీ తొమ్మిదో తరగతికి ఆ సెక్షన్ అక్షరాలా వర్తించకపోయినా, మన వైపు టీసీ చేతికొచ్చిన పిల్లవాడు ఇంకో బడికి పోడు, పత్తి చేనుకు పోతాడు.

ఇక బెత్తం ఎందుకు పనిచెయ్యదో చెప్తాను. దెబ్బ టీచరు మనసు ఎట్లుంటే అట్లా పడుతుంది. నిన్న నవ్వి వదిలేసిన తప్పుకే ఇవాళ వీపు చిట్లుతుంది. అలాంటిచోట పిల్లలు నేర్చుకునేది సారు ముఖం చూసి గండం గట్టెక్కడం ఒక్కటే, నియమం వాళ్లకు అంటదు. సారు సెలవు పెట్టిన రోజు ఆ క్లాసుకు వెళ్లి చూడండి, మీకే తెలుస్తుంది.

నాకిది పుస్తకాల వల్ల తెలియలేదు. ఒక బడిలో నేను కొత్తగా స్కూల్ అసిస్టెంట్‌గా ఉన్న రోజులు. అప్పటి హెడ్మాస్టరు జుట్టు విషయంలో పట్టుదల మనిషి. పొట్టిగా కత్తిరించుకుని, నూనె రాసుకుని రావాలి. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు మెడ మీదికి జుట్టు పెంచుకుని వస్తున్నాడు. రెండుసార్లు చెప్పారు, వినలేదు. మూడోరోజు ప్రేయర్‌లో వాణ్ని ముందుకు పిలిపించి, డ్రిల్ సారు చేత కత్తెరతో ఒక జుట్టు పాయ కత్తిరించారు. మిగతాది ఇంటి దగ్గర కత్తిరించుకుని రమ్మన్నారు. ఆ రోజు ప్రేయర్ నడిపేది నేనే. 300 మంది నవ్వారు. నేను వాళ్లను ఆపలేదు.

పిల్లవాడు ఏడవలేదు. వంగి నేల మీద పడ్డ జుట్టు పాయను ఏరుకున్నాడు. మట్టి దులిపి, చొక్కా జేబులో పెట్టుకుని, గేటు దాటి వెళ్లిపోయాడు. బ్యాగు క్లాసులోనే ఉండిపోయింది. మధ్యాహ్నం వాళ్ల అవ్వ వచ్చింది. కేకలు వెయ్యలేదు. వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి, 'మొక్కుబడి ఎంటికలు సామీ అవి. పిల్లకు జబ్బు జేస్తే ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్యాము. శ్రావణ మాసంలో ఇయ్యాల్సినవి' అంది. వాడి చెల్లెలి కోసం ఉరుకుంద గుళ్లోని ఈరన్న స్వామికి మొక్కిన మొక్కు. 'మరి చెప్పలేదేమ్మా' అంటే, 'వాణ్ని ఎవురు అడిగినారు సామీ' అంది.

ఆ అబ్బాయి మళ్లీ బడికి రాలేదు. ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులో పనికి కుదిరాడని తర్వాత తెలిసింది. వాడి బ్యాగు మూడు నెలలు స్టాఫ్ రూము బీరువా మీదే ఉంది. ఎవరూ తీయలేదు, నేను కూడా. ఆ నియమంలో తప్పేమీ లేదు, పిల్లలు శుభ్రంగా రావాలి. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లం ఉండి, ఒక్కరం కూడా వాణ్ని పక్కకు పిలిచి అడగకపోవడం తప్పు. ఉరుకుందకు శ్రావణ సోమవారాలు, గురువారాలు ఊళ్లకు ఊళ్లు కదిలిపోయే ప్రాంతంలో ఉద్యోగం చేస్తూ మాకు ఆ అనుమానమైనా రాలేదు.

అప్పటి నుంచి నా క్లాసు రిజిస్టరులో నాలుగు గడులు ఉండేవి. తేదీ, పేరు, జరిగింది, నాలుగో గడిలో 'పిల్లవాడు చెప్పింది'. ఆ నాలుగో గడి నిండకుండా ఏ శిక్షా వెయ్యకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. హెడ్మాస్టరు అయ్యాక బడి మొత్తానికి అదే పెట్టాను. మీరు కూడా 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని గీతలు కొట్టుకోండి. పిల్లవాడు అన్నది అన్నట్టే రాయండి, 'వాడెప్పుడూ ఇంతే' లాంటి మీ అభిప్రాయాలు అందులో పెట్టకండి. నెల తర్వాత ఆ పేజీలు తిరగేస్తే, ఎవరితో ఏం చెయ్యాలో అవే చెప్తాయి. 'ఆలస్యం' అని పదిసార్లు ఉన్న పేరు ఎదురుగా పదిసార్లూ 'బిందెలు మోయాల, నీళ్ల ట్యాంకరు ఎనిమిదిన్నరకు వస్తుంది' అని ఉంటే, అది క్రమశిక్షణ సమస్య అవుతుందా? ఆ ఇంటికి వెళ్లి, బిందెలు ఇంకెవరైనా మోయగలరేమో మాట్లాడాలి.

నియమాలు రాయించడం ఎట్లాగంటే, ఒక పీరియడ్ మొత్తం దానికే కేటాయించండి. సిలబస్ పోతుందని భయపడకండి, రోజూ పోతున్న పావుగంటలు కలిపితే అంతకన్నా ఎక్కువే. తలా ఒక చీటీ ఇచ్చి, పేరు రాయకుండా, 'ఈ క్లాసులో నన్ను బాధపెట్టేది' అని ఒక్క వాక్యం రాయమనండి. మొదటిసారి నేనిది చేసినప్పుడు ఫోన్ల గురించి, అల్లరి గురించి వస్తాయనుకున్నాను. సగానికి పైగా చీటీల్లో తిట్లు, మారుపేర్లు ఉన్నాయి. 'నన్ను నల్లోడా అంటారు.' 'మా అమ్మ పేరు పెట్టి పిలుస్తారు.' ఒక చీటీలో 'సార్లు లేటుగా వస్తారు, మేమొస్తే బయట నిలబెడతారు' అని ఉంది. ఆ చీటీని నేను గట్టిగా చదివాను. క్లాసు నిశ్శబ్దమైపోయింది. నియమాలన్నీ ఆ నిశ్శబ్దంలోంచే వచ్చాయి.

చివరికి వాళ్లు బోర్డు మీద తేల్చినవి ఇవి. బెల్లు కొట్టేసరికి క్లాసులో ఉంటాం, సారు కూడా. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లం వింటాం. ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యం, ఎవరి కులాన్నీ ఇంటివాళ్లనీ ఎత్తం. ఏదైనా విరిస్తే మేమే వచ్చి చెప్పి, మేమే బాగుచేస్తాం. ఫోను, గుట్కా గేటు దాటి లోపలికి రావు. అన్నీ 'మేము చేస్తాం' అన్నట్టుగా ఉన్నాయి చూడండి. 'అల్లరి చేయరాదు' అని రాస్తే ఏది అల్లరో, ఏది కాదో తేల్చేది మళ్లీ మీ కోపమే అవుతుంది. 'బెల్లు కొట్టేసరికి క్లాసులో' అంటే వాదించడానికి ఏమీ మిగలదు. మీ క్లాసు కాగితం కింద 54 మంది సంతకాలు, చివర మీ సంతకం ఉండాలి. ఒకరోజు నేను 7 నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. రిజిస్టరు తెరిచి నా పేరు నేనే రాసుకున్నాను, నాలుగో గడిలో 'ఎంఈఓ ఆఫీసు (మండల విద్యాధికారి ఆఫీసు) నుంచి ఫోన్' అని. క్లాస్ లీడర్ ఆ పేజీని ఇంటర్వెల్‌లో అందరికీ చూపించాడట. ఆ వారం ఆలస్యంగా వచ్చేవాళ్లు బాగా తగ్గారు.

తప్పితే ఏం జరగాలన్నది కూడా వాళ్లనే అడగండి, కానీ చివరి మాట మీది. పిల్లలు తమ తోటివాళ్లకు వేసే శిక్షలు భయంకరంగా ఉంటాయి, వింటే మీరే జడుసుకుంటారు. నేను ఒప్పుకున్నది తప్పుకూ దాని ఫలితానికీ సంబంధం ఉన్నవాటినే. ఆలస్యంగా వస్తే పోయిన పాఠం నోట్సు అన్నం తిన్నాక వరండాలో స్నేహితుడి దగ్గర చూసి రాసుకోవాలి. కిటికీ విరిస్తే వడ్రంగి దగ్గర నిలబడి పని చూసి, అందించాలి. తిడితే, తిట్టినవాణ్ని కూర్చోబెట్టి, ఆ మాట ఎందుకు నొప్పించిందో ఎదుటివాడి నోట వినాలి. ఊరికే 'సారీ' చెప్పిస్తే చాలదు.

నాలుగు పనులు మాత్రం ఎంత కోపం వచ్చినా చెయ్యకండి. మధ్యాహ్న భోజనం ఆపకండి, చిక్కీ, గుడ్డు కూడా. మన పిల్లల్లో చాలామందికి ఆ రోజు కడుపునిండా తినేది అదొక్కటే. ఆటల పీరియడ్ కోసెయ్యకండి, కాళ్లు చేతులు ఊరుకోని పిల్లవాడికి ఉన్న ఒక్క దారి అది. డబ్బులు జరిమానాగా వసూలు చెయ్యకండి. బాత్రూములు కడిగించడం, ఊడ్పించడం శిక్షగా పెట్టకండి. శుభ్రం చెయ్యడం అందరి పని, వంతుల వారీగా చార్టు వేసి అందరి చేతా చేయించండి, మీరూ ఒక వంతు తీసుకోండి. దాన్ని శిక్షగా మార్చిన మరుక్షణం అది ఎవరి మీద పడుతుందో మనందరికీ తెలుసు. చీపురు ఏ కులం పిల్లల చేతికి ఎక్కువసార్లు వస్తోందో లెక్కపెట్టి చూడండి, గుండె తరుక్కుపోతుంది.

గైర్హాజరు గురించి విడిగా చెప్పాలి, మీరున్న చోట అన్నిటికన్నా పెద్ద సమస్య అదే. దసరా దాటాక కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, ఆలూరు వైపు ఊళ్లు ఖాళీ అవుతాయి. పత్తి ఇడిపించడానికీ, మిరపకాయలు తెంపడానికీ గుంటూరు వైపు, తెలంగాణ వైపు కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే వలస పనికి, పోతాయి. ఇంటికి తాళం, పెద్దపిల్ల చంకలో చిన్నపిల్ల, టెంపోలో గిన్నెలు. రెండు మూడు నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లవాడికి క్లాసులో ఏమీ అర్థం కాదు. అర్థం కానివాడు అల్లరి చేస్తాడు. ఆ అల్లరిని మనం దురుసుతనం అనుకుంటాం. కాబట్టి సుగ్గికి పోకముందే, దసరా సెలవులకు ముందే, ఎవరింట్లో పోతారో క్లాసులో అడిగి పేర్లు రాసుకోండి. అవ్వాతాతల దగ్గర వదలగలరేమో, సమగ్ర శిక్షా తరఫున మీ మండలంలో ఆ ఏడాది సీజనల్ హాస్టల్ పెడుతున్నారేమో హెడ్మాస్టరు గారి ద్వారా కనుక్కోండి. తిరిగొచ్చినవాళ్లకు మొదటి రోజు 'ఇన్నాళ్లు యాడికి పోయినావు' అని నిలదీయకుండా, ముందే రాసిపెట్టిన నోట్సు ఒక కట్టగా చేతికివ్వండి. ఆ పని చదివే పిల్లలకు అప్పజెప్పండి, గర్వంగా చేస్తారు.

ఫోను సంగతి తేలిక. పిల్లలు బడికి ఫోన్లు తేకూడదని 2023లోనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. దొరికితే దాన్ని తెరవకండి, లోపల ఏముందో చూడకండి, పగలగొట్టకండి. స్విచాఫ్ చేయించి, కవర్లో పెట్టి, పేరు రాసి, హెడ్మాస్టరు బీరువాలో పెట్టి ఇంట్లోవాళ్లకే ఇవ్వండి. మీ ఫోను కూడా క్లాసులో బయటికి రాకూడదు.

గుట్కాకు మాత్రం పిల్లల మీద కన్నా గేటు బయట ఎక్కువ పని ఉంది. 2003 పొగాకు చట్టం 6వ సెక్షన్ ప్రకారం బడికి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్లలోపు వాళ్లకు అసలే అమ్మకూడదు. జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ ఇంకా గట్టిది, డాక్టరు రాసిస్తే తప్ప పిల్లలకు పొగాకో, మత్తు పదార్థమో ఇస్తే 7 ఏళ్ల దాకా కఠిన జైలు. నేను ఒకచోట చేసింది చెప్తాను. గేటు నుంచి గుట్కా అమ్మే బంకు దాకా టేపు పట్టి కొలిపించాను, తొమ్మిదో తరగతి పిల్లల చేతే, లెక్కల పాఠంగా. 62 గజాలు వచ్చింది. ఆ కాగితం తీసుకుని పేరెంట్స్ కమిటీ వాళ్లను వెంటబెట్టుకుని బంకు ఆయన దగ్గరికి వెళ్లాం. గొడవ పడలేదు. 'నీ మనవడు కూడా మా బడిలోనే ఉన్నాడు కదా పెద్దాయనా' అన్నారు కమిటీ చైర్‌పర్సన్ అమ్మ. పొట్లాల దండ ఆ వారమే దిగింది. దిగకపోయి ఉంటే స్టేషన్‌కు రాతపూర్వకంగా ఇచ్చేవాళ్లం. గుట్కా తింటున్న పిల్లవాణ్ని మాత్రం దొంగను చూసినట్టు చూడకండి. మిరప చేలల్లో ఆకలి తెలియకుండా ఉండటానికి అలవాటైన పిల్లలు ఉన్నారు.

కొట్లాటలకు ఒకే పద్ధతి. విడదీసి ఇద్దర్నీ చెరో గదిలో తోడు మనిషిని పెట్టి కూర్చోబెట్టండి, మంచినీళ్లు ఇవ్వండి, తెల్లకాగితం ఇచ్చి జరిగింది రాయమనండి. పావుగంట రాసేసరికి కోపం దిగుతుంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే, కొట్లాట మొదలైంది బడిలో కాదని చాలాసార్లు తేలుతుంది. ఊర్లో పార్టీలు, పొలం గట్ల తగాదాలు, మొన్నటి జాతరలో మాటామాటా. పెద్దవాళ్ల పార్టీ నాయకులు ఫోను చేసి 'మావాణ్ని వదిలెయ్యండి' అంటారు. అప్పుడు మీకు దిక్కు ఆ రిజిస్టరే. 'అందరికీ ఇదే రాసుకున్నాం సార్, మీవాడూ సంతకం పెట్టినాడు' అనగలిగితే ఆ ఫోను రెండోసారి రాదు. ఒక్కసారి వదిలారా, గోడ మీది కాగితం చింపెయ్యొచ్చు.

ఆడపిల్లను తాకడం, వెంటపడటం, ఫోటోలు తీయడం లాంటివి మీ దాకా వస్తే అవి క్లాసు నియమాల లెక్క కాదు. ఎవరు ఎంత బతిమాలినా పంచాయితీ పెట్టి సర్దుబాటు చెయ్యకండి. లైంగిక వేధింపు అని అనిపిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజెయ్యడం తప్పనిసరి, దాచిపెట్టినవాళ్లకు శిక్ష ఉంది. 1098కు ఫోన్ చేస్తే సాయం అందుతుంది. ఆ పిల్ల పేరు స్టాఫ్ రూములో కూడా పలకకండి.

తల్లిదండ్రుల విషయం. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ సమావేశం పెట్టారు. కడప మున్సిపల్ హైస్కూలుకు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చారు. 2025 జూలై 10న రెండోది జరిగినప్పుడు ముఖ్యమంత్రి శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు బడికి వచ్చారు. ఇలాంటివి మంచివే, బడి గడప తొక్కని తండ్రులు ఆ రోజు వస్తారు. అయితే మీ క్లాసులో కొందరి అమ్మానాన్నలు డిసెంబరులో చేలల్లో ఉంటారు. వాళ్లకు సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చెయ్యండి. మొదటి ఫోను తప్పు చెప్పడానికి కాకూడదు. 'మీవాడు ఇవాళ లెక్క బాగా చేశాడు' అని చెప్పి పెట్టెయ్యండి. ఒకసారి అట్లా చేస్తే ఒకావిడ చాలాసేపు మాట్లాడలేదు, లైను కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత 'బడి నుంచి ఫోనొస్తే ఏం జేసినాడో అని గుండె జారిపోయింది సార్' అంది. తర్వాత ఎప్పుడైనా కష్టమైన మాట చెప్పాల్సి వచ్చినా వాళ్లు వింటారు.

2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక హెడ్మాస్టరు గారు కొట్టలేం, తిట్టలేం అంటూ పిల్లల ముందు తానే గుంజీళ్లు తీసిన వీడియో మీరు చూసే ఉంటారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. మీ స్టాఫ్ రూములో బెత్తం మాట ఎత్తేవాళ్లలో కూడా అదే నిస్సహాయత ఉంటుంది, వాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్లతో వాదించకండి. నెల రోజులు మీ రిజిస్టరు నడిపి, ఆలస్యాల సంఖ్య మొదటి వారంలో ఎంత, నాలుగో వారంలో ఎంత అన్నది టీ తాగేటప్పుడు చూపించండి.

సుద్దముక్క విసిరే అబ్బాయి గురించి చివర్లో చెప్దామని ఆపాను. రేపు వాడు విసిరినప్పుడు తిరిగి చూడకండి, పాఠం ఆపకండి. బెల్లు కొట్టాక, అందరూ వెళ్లాక, వాణ్ని మాత్రం ఉండమని చెప్పి తలుపు తెరిచే ఉంచి, ఎదురుగా కాకుండా పక్క బెంచీలో కూర్చోండి. 'ఇది నువ్వేనని నాకు తెలుసు. నాలుగో గడిలో ఏం రాయమంటావు?' అని అడిగి, పెన్ను వాడి చేతికే ఇవ్వండి. మొదటిరోజు వాడేమీ రాయకపోవచ్చు. గడి ఖాళీగానే వదిలి, మర్నాడు మళ్లీ అదే పేజీ తెరవండి.